కొలత తప్పిన సంతర్పణ

నాకు నవ్వు ఆగదు. ఇప్పుడూ అంతే, రాయగడకి కోడలిగా వచ్చిన కొత్తలో మరీ ఘోరం. అందుకే మా అత్తగారు నన్ను పదిమందిలోకి తీసుకెళ్ళడానికి భయపడేది.

శ్రీరామనవమి సంతర్పణకి మన తెలుగువాళ్ళ పందిట్లో బియ్యం కొలిచేది ఆవిడే. ఎంతమంది వస్తారో చెబితే చాలు, కుంచం పట్టుకునేది. ఒకరికి తక్కువయ్యేది కాదు, గుండిగలో ముద్ద మిగిలేది కాదు. ఆ పేరంటే ఆవిడకి ప్రాణం.

ఊరి పక్కన కాగితాల మిల్లు లేస్తున్న రోజులవి. బంధుగాం కొండల నుంచి మట్టిపనికి వచ్చినవాళ్ళు పిల్లాపాపలతో పందిరి బయట కూర్చునేవారు. ముందటేడు ఏమీ మిగలక ఉత్త చేతులతో లేచి వెళ్ళిపోయారట. "మిగిలితే పెట్టండి. ముందే తీసి ఇచ్చీడానికి నేదు, ఇది సంఘం బియ్యం" అనేవాడు మా తెలుగు సంఘం పెద్ద. ఆయన అత్తగారికి వరసకు మరిది. కొలత తప్పితే కుంచం ఇంకొకరి చేతికే అని కూడా అనేవాడు.

ఆ రోజు కొట్టుగదిలో అత్తగారు కొలుస్తోంది, నేను గంప పట్టుకున్నాను. మొదటి కుంచాన్ని ఒకటి అనరు కదా, లాభం అంటారు. "లాభం, రెండు, మూడు..." గుమ్మం బయట మరిది ప్రతి అంకెకీ కథ వింటున్నట్టు ఊఁ కొడుతున్నాడు. ఆరో ఊఁకి కిసుక్కుమన్నాను.

"నవ్వకమ్మీ. లెక్క తప్పిపోనాది" అంది అత్తగారు. పోసిన బియ్యం గంపలోనే ఉంది. ఆవిడ దానికేసి చూసింది, కిటికీలోంచి బయట కూర్చున్నవాళ్ళకేసి చూసింది. నెమ్మదిగా మళ్ళీ "లాభం" అంది.

అర్థమయ్యాక ఇంక నా నవ్వు ఆగుతుందా? ఐదు దాకా వచ్చి ఆవిడే నన్ను గిల్లింది. పకపకా నవ్వాను. "దీని నవ్వు మండ, మళ్ళీ తప్పించీసింది" అని మళ్ళీ లాభం నుంచి ఎత్తుకుంది. ఈసారి తిన్నగా పన్నెండు కొలిచింది.

"పన్నెండేనా వదినా?" అన్నాడు మరిది.

"నువ్వు ఇన్నేదేటి?" అంది.

పందిట్లో భోజనాలయ్యాక రెండు గుండిగల అన్నం అలాగే ఉంది. గుమ్మడికాయ పులుసులో వేడినీళ్ళు పోసి, ఉప్పూ కారం జల్లి, బయట విస్తళ్ళు పరిచాం. మారు వడ్డించాం. మూడోసారి వెళ్ళేసరికి ఒక ముసలమ్మ చాలని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది. సంతోషంతో నాకు గంతులెయ్యాలనిపించింది.

అంతలో మరిది అందరి ముందూ, "వదినా, నీ సెయ్యి పాతబడిపోనాది. వచ్చే ఏడు కుంచం ముట్టుకోకు" అన్నాడు. అత్తగారు తల వంచుకుంది. నా నవ్వు ఆగిపోయింది, ఏడుపొచ్చింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిస్తే ఆవిడ నా కాలు తొక్కింది.

ఇంటికి బయల్దేరాం. సందు మలుపులో అత్తగారు ఆగింది.

"అమ్మీ, లోపల ఎవులికైనా తక్కువైందేటి?"

"నేదత్తా."

"బయటో?"

"నేదు."

"గుండిగలో మెతుకు మిగిలిందేటి?"

"నేదు."

"మరి నా కొలత ఎక్కడ తప్పినాది?"