మూడో పంపు మీద పచ్చ రంగు

1999లో పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక రసాయనాల ఫ్యాక్టరీకి నేను విజువల్ బేసిక్‌లో ప్రోగ్రాం రాశాను. గోడ పొడవునా ఉన్న పాత కంట్రోల్ ప్యానెల్‌కు బదులు పంపులన్నీ కంప్యూటర్ తెర మీద కనిపించాలి. పంపుకొక బటన్. బటన్ రంగును నిర్ణయించేది బ్యాక్‌కలర్ అనే ప్రాపర్టీ. దాంట్లో ఒక తిరకాసుంది. స్టైల్ అనే మరో ప్రాపర్టీని గ్రాఫికల్ అని మార్చకపోతే, ఏ రంగు ఇచ్చినా బటన్ బూడిదరంగులోనే మొండికేస్తుంది. అది కనిపెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇక నా గర్వం చూడాలి! తిరిగే పంపుకు పచ్చ, ఆగిన పంపుకు ఎరుపు. రోడ్డు మీది సిగ్నల్ లాగే కదా, ఇందులో ఒకరిని అడిగేదేముంది అనుకున్నాను. ఆ సంగతి తెర కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో రాసి కూడా పెట్టాను.

పది రోజులు సాఫీగా నడిచింది. పదకొండో రోజు ఫిట్టర్ సాదిక్ మూడో పంపు విప్పడానికి వెళ్తూ, అది ఆగిందా అని ఆపరేటర్ యాదగిరిని కేకేసి అడిగాడు. యాదగిరి తెర చూసి ఆగిందన్నాడు. పక్క పంపుల మోతలో దాని చప్పుడు తెలియలేదు. మోటారును పంపుతో కలిపే నున్నటి షాఫ్టు వేగంగా తిరిగితే ఆగినట్టే కనిపిస్తుంది. సాదిక్ వంగేసరికి భుజం మీది తువ్వాలు దానికి చుట్టుకుపోయింది. చెయ్యి జానెడు దూరంలో ఉండబట్టి దక్కింది.

మర్నాడు ఎంక్వైరీ. తెర మీద ఏ రంగుందని మేనేజర్ యాదగిరిని అడిగాడు.

"పచ్చగనే ఉండె సార్. అందుకే ఆగిందన్న."

పచ్చ అంటే నడుస్తున్నట్టని కిందే రాసుంది కదా అని మేనేజర్ మండిపడి, సస్పెన్షన్ కాగితం టైపు చేయించమన్నాడు. ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి తల దించుకున్నాడు. నేనైతే, నా ప్రోగ్రాంలో తప్పు లేదని లోలోపల కాస్త ఊరట చెందాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

బయటికొస్తూ పాత ప్యానెల్ ముందు ఆగాను. బాయిలర్ మోటార్లు ఇంకా దాని మీదే నడుస్తున్నాయి. తిరిగే మోటార్లకు ఎర్ర దీపాలు, ఆగినవాటికి పచ్చవి. ఇదేంటి తలకిందులుగా ఉందని అక్కడే ఉన్న సాదిక్‌ను అడిగాను.

"కరెంటుంటె ఎర్రది మేడం, ముట్టొద్దని. పచ్చదుంటె చెయ్యి పెట్టొచ్చు. గంతే."

పది రోజులు ఎలాగో నెట్టుకొచ్చినా, సాదిక్ కేకేసి అడగగానే యాదగిరి ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ పచ్చంటే ఆగిందనుకున్నాడు. అటునుంచి అటే మేనేజర్ గదికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆయన నానా మాటలన్నాడు, పడ్డాను. కాగితం మాత్రం చించేశాడు. రెండు రంగులూ తారుమారు చేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

యాదగిరి నన్ను దులిపేస్తాడనుకున్నాను. ఆయన కొత్త రంగుల వంక చూసి మెల్లగా అన్నాడు.

"నాకు మతి పోయిందనుకున్న మేడం. ఇరవై ఏండ్ల పని మర్శిపోయిన్నా అని నిన్నటి సంది పరేషాన్ల ఉన్న. ఇంట్ల గూడ చెప్పలే."

ఆ తర్వాత చాలా ఫ్యాక్టరీలకు పని చేశాను. ఆపరేటర్ పొరపాటు చేశాడని ఎవరన్నా చెబితే, ముందు ఆయన అలవాటు పడిన పాత ప్యానెల్ దగ్గరికి వెళ్లి నిలబడతాను. మనం చేసిన తప్పుకు వాళ్లు మనల్ని ఏమీ అనరు. తమ మతినే అనుమానించుకుని, ఆ మాట ఇంట్లో కూడా చెప్పుకోలేక ఊరుకుంటారు.