ఏడు డీబీల తేడా

మొన్న శంకర్ నగర్‌లోని మా ఇంటికి ఇంటర్నెట్ బాగుచేయడానికి వచ్చినతను మీటరు చూసి, "సిగ్నల్ ఠీక్ హై ఆంటీజీ, మైనస్ ట్వెంటీ డీబీ" అన్నాడు. నా నోరు ఊరుకోలేదు. "డీబీ నహీఁ, డీబీఎం" అన్నాను. అతను తెల్లబోయి, ఇదంతా ఎవరు నేర్పారని అడిగాడు. మా ఆయన అని చెప్పాను. అది సగమే నిజం. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మా ఆయన రైల్వే కాలనీలో కేబుల్ టీవీ నడిపేవారు. ఊరవతల ధర్సీవా దాకా ఫైబర్ లాగాక ఆ కొసన మా మరిది, తోడికోడలు ఉండేవారు. ఇక్కడ మీటరు చూసి చెప్పడం నా పని, అక్కడ ఆవిడ పని. "మైనస్ రెండు డీబీఎం బావగారూ" అనేది ఫోన్లో, తేనె పోసినట్టు. నేను "నాలుగు డీబీ వస్తోందండీ" అన్నానా, ఈయన చేతిలో పని ఆపేసి పాఠం మొదలుపెట్టేవారు. "డీబీ అంటే తేడా, బస్. ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, అంతే. ఉన్నదెంతో చెప్పాలంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి డీబీఎం అనాలి. ధర్సీవాలో చూడు, ఒక్కసారైనా తప్పు చెప్పిందా?" ఆ చివరి మాట లేకపోతే పాఠం నాకు బాగానే ఎక్కేది. ఆ ఊరి పేరు వింటేనే ఒళ్ళు మండేది. ఆవిడ పొడుగు జడ, ఆవిడ పెట్టే ఆవకాయ, ఫోను పెట్టేసే ముందు మెత్తగా అనే "ఉంటానండీ", అన్నీ చూసి కుళ్ళిపోయేదాన్ని. పైగా దారిలోని భన్‌పురిలో మా ఆయన కొత్త కంట్రోల్ రూమ్ పెడుతున్నారు. అక్కడ కూర్చుని అంతా చూసుకునేది నేనా, ఆవిడా అన్నది తేలలేదు. ఆ కుర్చీ నాకే కావాలి.

ఒక సాయంత్రం ధర్సీవాలో టీవీల నిండా చుక్కలే. ఫోన్ స్పీకర్లో ఆవిడ కంగారుగా, "ఏడు డీబీఎం తగ్గిపోయింది బావగారూ" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"తగ్గింది తేడా కదమ్మా. తేడాకి డీబీ అనాలి" అన్నాను, నాకే ఆశ్చర్యమేసేంత తీయగా.

అవతల ఆవిడ నవ్వింది. "సహీ చెప్పారక్కా. మైనస్ రెండు నుంచి మైనస్ తొమ్మిది డీబీఎంకి పడింది, తేడా ఏడు డీబీ. మీరుండబట్టి సరిపోయింది."

మెచ్చుకుంటారేమోనని మా ఆయన వైపు తిరిగాను. ఆయన ఫోను వైపే చూస్తూ, "అరే, తప్పు ఒప్పుకోవడంలో కూడా ఎంత హుందాతనం" అన్నారు. కుర్చీ ఆవిడకే వెళ్ళింది.

ఇప్పుడు ఆ కేబుల్ లేదు, కంట్రోల్ రూమూ లేదు. కుర్చీ ఏ పాతసామాన్ల కొట్టుకు చేరిందో తెలియదు. ఆవిడ అప్పుడప్పుడు ఫోన్ చేసి "అక్కా, బాగున్నారా" అని ఆప్యాయంగానే అడుగుతుంది. దూరం పోయేకొద్దీ ఫైబర్లో వెలుతురు సన్నగిల్లుతుందని మా ఆయన ఇప్పటికీ అంటారు. ఇన్నేళ్ళ దూరం వచ్చినా నా కుళ్ళు మాత్రం ఒక్క డీబీ కూడా తగ్గలేదు.