సింకులకి బిరడా కొట్టిన సారు

మా కెమిస్ట్రీ సారు పోయారు. మంగళవారం పొద్దున్న అచ్యుతాపురం వెళ్ళే కంపెనీ బస్సులో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. "మీ సారు పోయేరమ్మా. తెల్లారగట్ట నిద్దర్లోనేనంట," అని, "మొన్న వాళ్ళింటికి పంపిన నల్లబెల్లం ఇంకా అయిపోయుండదు," అన్నాడు. అనకాపల్లిలో నాన్నది బెల్లం వ్యాపారం. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. పక్క సీటావిడ మంచినీళ్ళిచ్చింది.

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి వెళ్ళాను. సారుకి దండం పెట్టుకుని, మధ్యాహ్నానికి మళ్ళీ ఫ్యాక్టరీకి వచ్చాను. రాక తప్పలేదు. సాయంత్రంలోగా నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి. మందులు తయారుచేసే పద్ధతిని ల్యాబులో కుదిర్చి, ప్లాంటుకి అప్పగించడం నా ఉద్యోగం. నేను సంతకం పెడితే ఇక ఏళ్ళ తరబడి ఆ మందు అలాగే తయారవుతుంది. ఆ కాగితం సంగతి చెప్పాలంటే ముందు సారు సంగతి చెప్పాలి.

డిగ్రీలో ప్రాక్టికల్స్ మొదటి రోజు ల్యాబులోకి అడుగుపెడితే, సింకులన్నిటికీ చెక్క బిరడాలు కొట్టేసి ఉన్నాయి. సారు మా ఒక్కొక్కరి చేతికీ ఒక ఖాళీ సీసా ఇచ్చి, పేరు రాసి అంటించమన్నారు. ప్రయోగం అయ్యాక మిగిలిందల్లా అందులోనే పోసుకోవాలి. ఏడాది చివర ఎవరి సీసాలోది వాళ్ళే విషం లేకుండా చేసి చూపిస్తేనే ఆయన రికార్డు మీద సంతకం పెట్టేవారు.

"సింకులో పోస్తే ఏమవుతుంది సార్?" అని అడిగాను. నోరు కాస్త ఎక్కువే నాకు.

సారు నాతవరం వైపు చెరుకు రైతుల ఇంట పుట్టినవారు. పాఠం పుస్తకాల భాషలోనే చెప్పేవారు గానీ, కోపమొచ్చినా ముద్దొచ్చినా ఊరి మాట దొర్లేది. "ఏటవుతాదా? శారదా నదిలోకెల్తాది. నీకు కనపడనంత మాత్రాన లేనట్టేనేటమ్మా?" అన్నారు.

ఆ సీసా వచ్చాక మా చేతులు వాటంతటవే పొదుపు నేర్చాయి. టెస్ట్‌ట్యూబు సగానికి పోసేవాళ్ళం నాలుగు చుక్కలతో సరిపెట్టడం మొదలుపెట్టాం. ఆయన కోరుకున్నదీ అదే. "పుట్టించకపోతే పారబొయ్యక్కర్లేదు కదేటి," అనేవారు. తర్వాత పెద్ద చదువుల్లో దీన్నే గ్రీన్ కెమిస్ట్రీ అంటారని తెలిసి, ఇంతేనా అనుకున్నాను.

నాన్నతో కూడా ఆయనకి పేచీ ఉండేది. బెల్లం తెల్లగా రావాలని పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలిపిన దిమ్మల్నే నాన్న కొనేవాడు. "నల్లబెల్లం ఎవడు కొంటాడు సారూ?" అని నాన్న అంటే, "తెల్లగా కావాలంటే పంచదార అమ్ముకోండి షావుకారుగారూ! మా నాన్న బెండమొక్కల జిగురేసి మురికి తీసేవోడు. పిప్పి పొయ్యిలోకి, బూడిద పొలంలోకి. ఏటీ మిగిలేది కాదు," అనేవారు. నాన్న చాలా ఏళ్ళు నవ్వి ఊరుకున్నాడు. ఆఖరికి కొట్లో నల్లబెల్లానికి ఒక మూల కేటాయించాడు. ఆ మూలలోంచి మొదటి దిమ్మ ఎప్పుడూ సారింటికే వెళ్ళేది.

ఇక నా పాపం సంగతి. ఎక్కడా చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. దసరా సెలవులకి ముందే నా సీసా నిండిపోయింది. మొదట్లో అజాగ్రత్తగా, కావలసినదానికన్నా ఎక్కువెక్కువ పోసుకుంటూ చేశాను మరి. మిగతా అందరివీ పావు వంతు కూడా నిండలేదు. సిగ్గేసి, ఎవరూ చూడకుండా సగం పైగా వెనక కిటికీలోంచి పారబోశాను. కింద అటెండరు పెంచుకుంటున్న కరివేపాకు మొక్క ఉంది. నాలుగు రోజులకి అది నిలువునా మాడిపోయింది.

సారు ఎవరినీ అడగలేదు. పంచె ఎగ్గట్టి, పాదులో మట్టి తవ్వి తీసి, సున్నం కలిపి, రోజూ క్లాసుకి ముందు నీళ్ళు పోశారు. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడేదాన్ని. నోరున్న పిల్లని, ఆ ఒక్క మాటకి మాత్రం నోరు రాలేదు.

రెండు నెలల కిందట సారుని చూడ్డానికి వెళ్ళాను. బాగా నీరసించారు. ల్యాబులో కుదురుస్తున్న మందు పద్ధతి గురించి నేనేదో గొప్పగా చెబుతుంటే మధ్యలో ఆపి, "ఆ కరేపాకు మొక్క మళ్ళీ సిగురేసింది తెలుసా?" అన్నారు.

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మీకు ముందే తెలుసా సార్?"

"ఆ వారం నీ సీసా ఒక్కటే తేలికైనాది. నాకు తెల్దా? నువ్వే సెప్తావని సూసేను." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "మొక్క మీద నీ పేరు లేదు కాబట్టి తప్పించుకున్నావు. ఇప్పుడు నువ్విచ్చే కాయితం మీద నీ పేరుంటాదమ్మా. సూసుకో."

ఆ కాగితమే ఈ కాగితం. అందులో రాసిన పద్ధతికి మిథిలీన్ క్లోరైడ్ కావాలి. మందుని కరిగించి శుభ్రం చేసే ద్రవం అది. ఇట్టే ఆవిరైపోతుంది, ఆ ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది. దాంతో తడిసిన పొడిని గిరగిరా తిప్పి తడి పిండే సెంట్రిఫ్యూజ్‌లోంచి తోడే రాంబిల్లి ఊరి ఆపరేటర్ని ఒకసారి అడిగితే, "తల తిరగతాది మేడం, అలవాటైపోనాది," అన్నాడు. దాని బదులు నీళ్ళూ ఆల్కహాలూ కలిపి రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ మందు ముద్దకట్టింది. గడువు దగ్గరపడింది. పోనీలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను.

సారుని చూసొచ్చిన ఆ మధ్యాహ్నం మేనేజరుగారి గదిలోకి వెళ్ళి, మూడు వారాలు కావాలన్నాను.

"ఈ రోజే పంపాలి మేడం. ఇప్పుడిలా అంటే ఎలా? అయినా మీ నీళ్ళ పద్ధతి కుదరకపోతే?"

"కుదరకపోతే ఇంకొకరి చేత పెట్టించుకోండి సార్. దీని కింద నా పేరుండదు."

ఆయన ఆ కాగితం తీసి పక్కన పెట్టారు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. చివరికి, "రెండు వారాలు. అంతకుమించి ఒక్క రోజు కూడా ఇవ్వను," అన్నారు.

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఐదుసార్లు చేశాను, ఐదుసార్లూ ముద్దే. నిన్న హడావుడి మానేసి చాలా నెమ్మదిగా చల్లార్చాను. ఫ్లాస్కు అడుగున మందు విడివిడిగా కాసిని గింజలు కట్టింది. ప్లాంటుకి అవి చాలవు. కానీ గింజలే, ముద్ద కాదు.

నా బల్ల మీద ఒక గాజు సీసా పెట్టుకున్నాను. కాగితం మీద నా పేరు రాసి అంటించాను. ఆరుసార్లూ మిగిలిందంతా అందులోనే ఉంది, మెడ దాకా వచ్చేసింది. ల్యాబు కిటికీ తెరిచే ఉంటుంది. సీసా మాత్రం బల్ల మీదే ఉంది. ఇంకా ఐదు రోజులున్నాయి. రేపు పొద్దున్న మొదటి బస్సుకే వెళ్తున్నాను.