బొటనవేలితో తెరుచుకునే చాకు

భాగ్య మొగుడు కుళ్లాయప్ప గొర్రెల కాపరి. పెనుకొండ దాటాక కొండ కిందుగా ఉన్న ఒక మెట్టపల్లె వాళ్లది. ఊళ్లో ఏ గొర్రెకు గిట్ట పెరిగి కుంటినా, కాల్లో ముల్లు విరిగినా అతన్నే పిలిచేవాళ్లు. జేబులో మడతచాకు లేకుండా అతను గడప దాటేవాడు కాదు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది, మాట ముద్దముద్దగా అయింది. అయినా మందను వదల్లేదు. గొర్రెను మోకాళ్ల మధ్య అదిమిపెట్టి, చాకు అలుగును పళ్లతో కరిచి లాగి తెరిచేవాడు.

పల్లెలో అది ఎవరికీ వింత కాదు. పరిగిలో చుట్టాల పెళ్లిలో మాత్రం వింతయింది. విస్తరాకుల కట్ట తాడు కోయడానికి ఎవరో చాకు కోసం వెతుకుతుంటే, కుళ్లాయప్ప తనది తీసి అలవాటు ప్రకారం పళ్లతో లాగాడు. పెదవి ఒక పక్క సరిగ్గా మూతపడక ఎంగిలి కారి పై ఆకు మీద పడింది. ఎదురుగా ఉన్న ఆడపిల్లలు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. ఆ కట్ట పక్కన పెట్టి వేరేది తెమ్మని ఒక పెద్దమనిషి గొణిగాడు. భాగ్య నీళ్ల గ్లాసులు సర్దుతున్నట్టు అటు తిరిగింది.

ఆ మరుసటి వారమే చాకును కొంగున ముడేసుకుని, హిందూపురంలో లేత్ అంగడి నడిపే తిమ్మరాజు దగ్గరికి పోయింది. ఒక్క చేత్తో తెరుచుకునేటట్టు చెయ్యమంది. ఎవరికని అతను అడిగాడు. నా మొగుడికి అనడానికి ఆమెకు నోరు రాలేదు. మా ఊరాయనకు అంది.

అలుగు గట్టి ఉక్కు, బెజ్జం వేస్తే పగులుతుందేమోనని, వెల్డింగు పెడితే ఆ వేడికి పదును నిలవదని తిమ్మరాజు చెప్పాడు. చివరికి ఒక చిన్న ఇత్తడి ముక్కకు గాడి కోసి, దాన్ని అలుగు వీపు మీద కూర్చోబెట్టి, పక్కనుంచి సన్నని మరమేకుతో బిగించాడు. బొటనవేలు ఆనడానికి అది బొడిపెలాగా నిలిచింది. మూసినప్పుడు బొడిపె అడ్డం రాకుండా పిడి అంచును ఆకురాయితో కొంచెం అరగదీశాడు. కీలుకు నూనె పోశాడు. జేబులో దానంతటదే తెరుచుకుంటే ప్రమాదమని లోపలి స్ప్రింగు బద్దను మాత్రం వదులు చెయ్యలేదు. వేలితో తోస్తే అలుగు టక్కుమని వచ్చి నిలబడింది.

ఆ సాయంత్రమంతా కుళ్లాయప్ప దొడ్డిగోడకు ఆనుకుని దాన్ని తెరవడం, తొడకు ఆనించి మూయడం, మళ్లీ తెరవడం. "నా చెయ్యి గురించి నీకింత దిగులుందని నాకు తెలీకపాయనే" అన్నాడు. ఆమె పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ ఉండిపోయింది. ఆ దిగులు ఎవరి గురించో ఆమెకు తెలుసు.

ధర్మవరంలో చెల్లెలు స్వప్న కొత్త ఇంట్లోకి దిగుతుంటే ఇద్దరూ బయల్దేరారు. భాగ్య పట్టుచీర కట్టింది. బస్సు కిక్కిరిసి ఉంది. ఆమెకు ముందర ఆడవాళ్ల మధ్య సీటు దొరికింది, అతను వెనకాల కమ్మీకి ఆనుకుని నిలబడ్డాడు. కొంత దూరం పోయాక వెనక ఒక కాలేజీ పిల్ల చున్నీ సీటు ఇనుములో ఇరుక్కుంది. బస్సు కుదిపినప్పుడల్లా అది మెడకు బిగుస్తోంది. పిల్ల లాక్కుంటోంది, రావడం లేదు. కుళ్లాయప్ప జేబులోనుంచి చాకు తీశాడు. టక్కుమంది.

పిల్ల కెవ్వుమంది. ఎవరో అతని మణికట్టు పట్టుకుని మెలిపెట్టారు, ఇంకెవరో చెంప మీద కొట్టారు. బటన్ చాకు, రౌడీలు పెట్టుకునేదని ఒకరన్నారు. తాగినాడని ఇంకొకరు. అతను చెప్పబోయిన కొద్దీ మాట ముద్దగా వచ్చింది, అది తాగుడు మాటే అయింది వాళ్లకు. కండక్టరు చాకు లాక్కుని, బస్సు ఆపించి అడిగాడు.

"ఈయప్పతో ఎవరన్నా వచ్చినారా?"

బస్సంతా తలలు తిప్పి చూసుకున్నారు. పక్కనున్నామె భాగ్యను చూసి, కాలం చెడిపోయిందమ్మా అంది. భాగ్య కొంగు ముందుకు లాక్కుంది. కుళ్లాయప్ప ఒకసారి ఆమె వైపు చూశాడు. మళ్లీ చూడలేదు. ఎవరూ రాలేదన్నట్టు తలూపి, కమ్మీ పట్టుకుని మెల్లగా దిగిపోయాడు.

బస్సు కదిలాక ఆ పిల్లను ముందరికి తెచ్చి కూర్చోబెట్టారు. ఇనుములోంచి లాగేసరికి చిరిగిన చున్నీని చేతుల్లో తిప్పుకుంటూ, "ఆయన నాకేసి కాదు, చున్నీకేసే చూస్తాండె. కొయ్యనీకే తీసినాడేమో" అంది పిల్ల. తర్వాతి స్టేజీలో భాగ్య దిగి, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఎండలో వెనక్కి నడిచింది.

కుళ్లాయప్ప కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడు. చెంప కమిలి ఉంది. ఆమెను చూసి కొంచెం జరిగి చోటిచ్చాడు.

"నువ్వు ముందర ఉంటివి. ఆ సందడిలో నీకు ఇనపడలేదులే" అన్నాడు.

అతను అందించిన ఆ మాట పట్టుకుంటే సరిపోయేది. అవునంటే అతను నమ్మినట్టే ఉండేవాడు. జన్మలో మళ్లీ ఎత్తేవాడు కాదు.

"ఇనపడింది" అంది భాగ్య. "అంతా ఇనపడింది."

అతను గోడ దిగాడు. ఎండ ముదురుతోంది, పోదాం పా అన్నాడు. ధర్మవరం వైపా, ఊరి వైపా అని ఆమె అడగలేదు. అతను ఊరి వైపే నడిచాడు.

మర్నాడు భాగ్య ఒక్కతే ధర్మవరం బస్టాండుకు పోయి, కనుక్కుని కనుక్కుని ఆ కండక్టరును పట్టుకుంది. నలుగురు డ్రైవర్లు టీ తాగుతున్న చోట నిలబడి, ఆ చాకు మనిషి నా మొగుడు, నిన్న నేనూ అదే బస్సులో ఉంటిని అని చెప్పింది. చున్నీ సంగతి చెప్పింది. చెయ్యి సంగతి, మాట సంగతి చెప్పింది. కండక్టరు టీ గ్లాసు కింద పెట్టాడు.

"అప్పుడే ఒక్క మాట సెప్పింటే ఐపోతుండె కదమ్మా. అంతమందిలో ఆయన్ను కొట్టిరే" అన్నాడు.

అతను లోపలికి పోయి, చాకును పేపర్లో చుట్టి తెచ్చిచ్చాడు.

కుళ్లాయప్ప చాకు తీసుకుని మందలోకి పోయాడు. టౌనుకు పోయేటప్పుడు మాత్రం దాన్ని ఇంట్లోనే గూట్లో పెట్టిపోవడం మొదలుపెట్టాడు.

ఈ మధ్య పక్కింటి ఈరక్క ఆ చాకు చూసి ముచ్చటపడింది. ఎవరు చేయించారో కనుక్కుని, "మొగుని కోసం ఇంత ఆలోచన చేసేవాళ్లు ఇప్పుడు యాడ ఉండార్లే భాగ్యా" అంది. భాగ్య తిమ్మరాజు అంగడి గుర్తులు చెప్పి, గొర్రెపిల్లలకు నీళ్లు పెట్టాలని లేచి లోపలికి పోయింది.