జర జరుగున్రి

చోటు లేదనే మాటను మా పెద్దమ్మ ఎప్పుడూ ఒప్పుకోలేదు. అబిడ్స్ బస్సులో ఇద్దరు కూర్చున్న సీటు దగ్గరైనా, పెళ్లి బంతిలోనైనా "జర జరుగున్రి" అని తాను సర్దుకునేది.

పోయినేడు పెదనాన్నకు మెదడును పాడుచేసే ప్రియాన్ జబ్బు వచ్చింది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలమ్మిన మనిషి, నెలల్లోనే మమ్మల్నందరినీ మరచిపోయాడు. నాంపల్లి దవాఖానలో చుట్టాలు బ్రెడ్డు, అరటిపండ్లతో ఆయన గదిని నింపేశారు. డాక్టరమ్మ వాళ్లనే చూపించి పెద్దమ్మకు చెప్పింది.

"మెదడుల ఒక ప్రొటీన్ తప్పుగా మడతపడ్డదమ్మా. పక్కవాటిని గూడ గట్లనే మడతపెడుతున్నది. కాపాడే కణాలు సాయానికొచ్చి, గిట్లనే గుంపుగూడి, వాపు తెచ్చి, మంచి కణాలను గూడ చెడగొడుతున్నయి."

జరగమనడమే తప్ప పొమ్మనడం తెలియని పెద్దమ్మ, వెంటనే చుట్టాలందరినీ బయటికి పంపేసింది. అరటిపండ్లు మాత్రం ఉంచుకుంది.

"మరి ఆ వాపు తీసేస్తే ఈయన బాగైతరా?" అని అడిగింది.

"ఇప్పటిదాకా గట్ల ఎవ్వరికీ నయం కాలేదమ్మా. ఈ జబ్బుకు మందు లేదు."

"గట్లనా," అని పెద్దమ్మ వరండాలోకి వెళ్లింది. "లోపలికి రాన్రి, మిమ్మల్ని పంపినా లాభం లేదంట," అని అందరినీ మళ్లీ పిలుచుకొచ్చింది.

చుట్టాలు కుర్చీలన్నీ ఆక్రమించుకున్నారు. పెద్దమ్మకు చోటు మిగల్లేదు. పొద్దుటి నుంచి ఎవరు పిలిచినా కదలని పెదనాన్న మంచం పక్కన నిలబడి, అలవాటుగా "జర జరుగున్రి" అంది.

ఆయన జరిగాడు.