డిటో గీతలు

స్టేషన్లో అందరూ రైటరమ్మ అని పిలిచే ఆ హెడ్ కానిస్టేబులుది ఇరవై రెండేళ్ల సర్వీసు. తప్పిపోయినవాళ్ల గుర్తులు, దొరికిన శవాల వివరాలు, ఏడ్చేవాళ్ల వాంగ్మూలాలు అన్నీ ఆమె చేతి మీదుగానే కాగితం ఎక్కాయి. అక్షరాలు ముత్యాలు. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

నెలకోసారి మనసు డాక్టరమ్మ వస్తుంది. బాధ ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చట! ముందు మాత్రం గుమ్మం దగ్గరి బల్ల మీద, పదిమందీ చూసే రిజిస్టరులో, పేరూ కారణమూ రాసి సంతకం పెట్టాలి. చాటుగా ఏడవడానికి కూడా రసీదు కావాలన్నమాట. ఈ తెలివి ఏ మహానుభావుడిదో గానీ, వాడి బుర్రకి దండేసి దణ్ణం పెట్టాలి. పదకొండు నెలల్లో ఒక్క సంతకమూ పడలేదు. ఏళ్ల తరబడి నెలనెలా పంపే సిబ్బంది క్షేమ పట్టీలో మాత్రం రైటరమ్మ ఎప్పటిలాగే మొదట తన పేరు రాసుకుని, పక్కన 'క్షేమం' అని పెట్టి, మిగతా ముప్ఫై తొమ్మిది పేర్లకీ 'పైదే' అన్నట్టు డిటో గీతలు గీకి పైకి పంపేసేది.

ఆ గీతల్లో ఒకటి జీపు డ్రైవరుది. వాగులో పడ్డ స్కూలు బస్సులోంచి పిల్లల శవాల్ని మోసుకొచ్చిన దగ్గర్నుంచి అతను అన్నం ముందు కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు. నిన్న నడిరోడ్డు మీద జీపు ఆపేసి, వెనక హారన్లు మోగుతున్నా పావుగంట కదల్లేదు.

ఈ ఉదయం బల్ల దగ్గరికొచ్చి కలం తీశాడు.

"ఏరా, పిచ్చెక్కిందా? తుపాకీ లాగేసుకుంటారు, చూసుకో!" అన్నాడు సెంట్రీ. అందరూ నవ్వారు. డ్రైవరు కూడా నవ్వి, కలం పెట్టేసి, గుమ్మం వైపు నడిచాడు.

ఆ నవ్వు చూసి రైటరమ్మకి ఒళ్లు మండిపోయింది. సెంట్రీ మీద కన్నా తన మీద ఎక్కువ. మూడేళ్ల కిందట ఇలాగే నవ్వి వెళ్లిన ఒక కానిస్టేబులు పేరు పక్కన 'క్షేమం' అని రాసింది ఆ చేతే. వారం తిరక్కుండా అతని శవ పంచనామా రాసిందీ ఆ చేతే.

"ఆగు తమ్ముడూ!" అని అరిచి, రిజిస్టరు లాక్కుని మొదటి గడిలో తన పేరు రాసింది. కారణం: 'నిద్ర పట్టడం లేదు. పోయినవాళ్లే కళ్లముందు ఉంటున్నారు.'

ఇన్‌స్పెక్టరు గదిలోంచి వచ్చి చూశాడు. "ఏంటమ్మా ఇది? పైకి వెళ్లే రికార్డు. పేజీ మార్చు."

"రికార్డు కాబట్టే నిజం రాశాను సార్. పేజీ చింపితే నేరమని మీరేగా చెప్పారు?"

ఎవరూ నవ్వలేదు. డ్రైవరు వెనక్కొచ్చి పేరు రాశాడు. కారణం దగ్గర కలం ఆగిపోయింది. తర్వాత ఆమె మాటల కింద రెండు డిటో గీతలు గీశాడు.