విమానం దాటాక చేసే తప్పు

నతానియేలు సారుకున్న జబ్బు ఒక్కటే. తప్పు చేస్తే ఒప్పుకోకుండా ఉండలేడు. ఒప్పుకోవడమంటే గొణిగి ఊరుకోవడం కాదు. ఎవరి పట్ల తప్పు చేశాడో వాళ్ళని వెతికి పట్టుకుని, నలుగురి ముందూ ఒప్పుకుంటాడు. క్షమించాల్సినవాళ్ళే సిగ్గుతో చచ్చిపోతారు.

శంషాబాద్ దాటాక ఉన్న డిగ్రీ కాలేజీలో లెక్కల క్లాసుకొచ్చిన మొదటిరోజే చెప్పేశాడు. "నేను క్రైస్తవున్ని. క్లాసుల ప్రసంగం చెయ్య, భయపడకుండ్రి. తప్పు చేస్తె ఒప్పుకుంట. గదే నా సాక్ష్యం."

"ఎన్ని చేస్తరు సార్?" అన్నాడు లక్ష్మణ్ వెనక బెంచీలోంచి.

"రోజుకొకటన్న అయితది బిడ్డా."

మర్నాడే క్యాంటీన్ రుక్కమ్మ దగ్గరికి పోయాడు. "అక్కా, నిన్న నీ ఉప్మా మంచిగుందన్న. అబద్ధం. దేవుడు నన్ను క్షమించిండు, ఇగ నువ్వు క్షమించాలె."

"దేవుడేమన్న ఉప్మా చేసిండా సారూ, అల్కగ క్షమించనీకి? చేసింది నేను!" అంది రుక్కమ్మ. మూడు రోజులు ఆయనకు చాయ్ కూడా పుట్టలేదు.

ఆ క్లాసులోనే చదివే అరవింద్‌కు మాత్రం ఈ సారు దేవుడిచ్చిన వరం. ఎందుకంటే క్లాసు రెండింటికి, ఎయిర్‌పోర్ట్ కార్గోలో అతని డ్యూటీ మూడింటికి. నాయిన జంగయ్య తుంటి విరిగి మంచానపడ్డప్పటినుంచి ఇల్లు ఆ డ్యూటీ మీదే నడుస్తోంది. ఆ సంగతి కాలేజీలో చెప్పడానికి అరవింద్‌కు నామోషీ. సరిగ్గా రెండున్నరకు నెత్తిమీదుగా పెద్ద విమానం పోతుంది, కిటికీలు గడగడలాడతాయి. ఎంత అరిచినా వినబడదు కాబట్టి సారు సుద్దముక్క కిందపెట్టి, కళ్ళు మూసుకుని, ఎవరో ఒక విద్యార్థి కోసం ప్రార్థన చేసుకుంటాడు. ఆయన కళ్ళు తెరిచేసరికి అరవింద్ వెనక తలుపు దాటి గేటు దగ్గరుంటాడు. ఏడాదిగా ఒక్కసారీ దొరకలేదు. సారు ఉత్త అమాయకుడని జాలి కూడా పడ్డాడు.

జాలి సరే గాని, పొద్దున బస్సులో మాత్రం నరకం. బడంగ్‌పేట్ నుంచి ఆరాంఘర్ వచ్చి అరవింద్ బస్సెక్కుతాడు. గగన్‌పహాడ్‌లో సారు ఎక్కి, బస్సంతా ఖాళీ ఉన్నా వచ్చి పక్కనే కూర్చుంటాడు.

"అరవింద్, నిన్న క్లాసుల తప్పు చేసిన."

"పర్వాలేదు సార్."

"ఎట్ల పర్వాలేదు? విను. విమానం పోయినంక గీ లెక్క మొదలుపెట్టిన. మూడో మెట్టుల మైనస్ మర్చిపోయిన." ఇక పాత పేపరు మీద లెక్క మొత్తం మొదటినుంచీ చేసి, తప్పు చూపించి, దిద్ది, అర్థమైందనిపించుకుంటే గాని వదిలేవాడు కాదు. బస్సు దిగేసరికి అరవింద్ తల దిమ్మెక్కేది.

ఒకరోజు విమానమొచ్చింది, సారు కళ్ళు మూశాడు, అరవింద్ వెనక తలుపు దాటాడు. బయట వైస్ ప్రిన్సిపాల్ నరేందర్ నిలబడి ఉన్నాడు. కాలర్ పట్టి లోపలికి తెచ్చాడు. క్లాసు మధ్యలో పారిపోతే హాల్ టికెట్ ఇవ్వకూడదని ఆయనే పెట్టిన రూలు. హాల్ టికెట్ లేకపోతే ఏడాది పోయినట్టే.

"సార్, వీడు రోజూ గిట్లనే పోతడా? మీకు తెలుసా?"

ఇక తన పని అయిపోయిందనుకున్నాడు అరవింద్. ఉప్మా గురించే అబద్ధమాడలేని మనిషి!

"తెలుసు," అన్నాడు సారు. "వాడు లేస్తె బెంచీ కిర్రుమంటది. రోజూ పోతడు. కార్గో గేటు కాడ వాడు డ్యూటీకి పోవుడు నేను చూసిన. సగం క్లాసు ఈడ వింటడు, సగం పొద్దున బస్సుల వింటడు. కావాల్నంటె అడుగుండ్రి."

నరేందర్ నమ్మలేదు. నిన్న క్లాసు చివర చేసిన లెక్కేదో పుస్తకంలో చూపించి చెయ్యమన్నాడు. అరవింద్ సుద్ద పట్టుకున్నాడు. చెయ్యి తనంతట తానే పోయింది. నాలుగో మెట్టు దగ్గర సారు నిన్న ఎక్కడ పొరపడ్డాడో జ్ఞాపకమొచ్చింది. తప్పించుకుని జవాబు దాకా పోయాడు.

ముందు బెంచీలోంచి అనుపమ లేచింది. "గా మెట్టు కాడి తప్పు సారు ముందుగాల చెప్పే చేస్తడు సార్. విమానం పోంగనే 'ఇప్పుడొక తప్పు చేస్తున్న, పట్టుకోండ్రి' అంటడు. రోజూ గంతే."

అరవింద్ సుద్ద వదిలేసి సారు వైపు తిరిగాడు. "కావాల్నని చేస్తరా? ఎందుకు సార్?"

"తప్పు చెయ్యకుండ చేసిన్నని నీతోని ఒప్పుకుంటె అబద్ధమైతది కదరా," అన్నాడు సారు. "ఊరికె పాఠం చెప్త రా అంటె నువ్వు వస్తవా?"

నరేందర్ బోర్డు మీది జవాబును పుస్తకంతో సరిచూసుకుని వెళ్ళిపోయాడు. ఆ వెనకే అరవింద్ డ్యూటీకి పరుగెత్తాడు.

మర్నాడు గగన్‌పహాడ్‌లో సారు ఎక్కి పక్కన కూర్చున్నాడు. "అరవింద్, నిన్న నరేందర్ సారు మీద నాకు మస్తు కోపమొచ్చింది. పొద్దుగాల అయిదింటికి ఫోన్ చేసి ఒప్పుకున్న."

"అయ్యో! ఏమన్నడు సార్?"

"నువ్వు రోజూ రెండున్నరకు పోనీకి పర్మిషన్ కాగితం మీద ఇయ్యాల్నే సంతకం పెడ్తనన్నడు. ఇగ జన్మల ఫోన్ చెయ్యొద్దన్నడు."

అరవింద్ సారు వైపు తిరిగాడు. "సార్, నేను గూడ ఒకటి ఒప్పుకోవాలె. ఏడాదిసంది మిమ్మల్ని పిచ్చోడనుకున్న."

"గది అందరనుకునేదే," అన్నాడు సారు పేపరు మడత విప్పుతూ. "జర జరుగు. నిన్న నువ్వు పోయినంక ఘోరమైన తప్పు చేసిన."